టెంపురా మెత్తబడుతోందా? పిండిని తక్కువ తిప్పండి

"ఇంట్లో వేసిన టెంపురా పది నిమిషాలకే మెత్తబడుతోంది. కరకరలాడాలంటే పిండిలో ఏమి కలపాలి?" అని ఒకరు అడిగారు. టెంపురా అంటే కూరగాయ ముక్కలో రొయ్యలో పల్చటి గోధుమ పిండిలో ముంచి నూనెలో వేయించే జపాన్ వంటకం. దానికి ఏమీ కలపనక్కర్లేదండీ, కలపడమే తగ్గించాలి.

టోక్యోలోని నిషికసాయ్‌లో ఉన్నప్పుడు మా కింది ఇంటి పెద్దావిడ ఒక గుడ్డు, ఫ్రిజ్‌లోని నీళ్లు, జల్లించిన గోధుమ పిండి నా ముందు పెట్టి కలపమన్నారు. మా అమ్మ మిరపకాయ బజ్జీలకు శనగపిండి కలిపినట్టే, ఒక్క ఉండ లేకుండా గిలకొట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇంకో గిన్నె తీసి, చాప్‌స్టిక్‌లతో పట్టుమని పదిసార్లు తిప్పి ఆపేశారు. పొడి పిండి ఇంకా పైన తేలుతూనే ఉంది. రెండు గిన్నెల్లోనూ చెరొక చిలగడదుంప ముక్క ముంచి నూనెలో వేశారు. నా ముక్క పైపొర చపాతీలా సాగింది, ఆవిడది పంటి కింద చిట్లింది.

గోధుమ పిండిని తడిపి తిప్పేకొద్దీ గ్లూటెన్ జిగురు పెరుగుతుంది. చల్లటి నీళ్లు వాడేది దాన్ని నెమ్మదింపజేయడానికే. శనగపిండిలో గ్లూటెన్ లేదు కనుక బజ్జీకి ఈ బాధ లేదు. నూనె దుంపలకు 160-170 డిగ్రీలు, రొయ్యలకు 180 ఉండాలి. రొయ్య వంకర తిరగకుండా పొట్టవైపు గాట్లు పెట్టి, తోక చివర కోసి లోపలి నీరు కత్తితో గీసి తీసేయాలి. లేకపోతే నూనె చిందుతుంది.

అన్నట్టు, ఆ పది నిమిషాలు ఎందుకు ఆగుతున్నారు? జపాన్‌లో ఎడో యుగంలో (1603-1868) టెంపురా వీధి బండ్ల మీద వేడివేడిగా నిలబడి తిన్న తిండి. ఆవిడ కూడా మమ్మల్ని పొయ్యి దగ్గరే తినమన్నారు. ఈ మధ్య హైదరాబాదులో ఒక హోటల్‌లో రొట్టెపొడి అద్దిన రొయ్యలకు టెంపురా అని పేరు పెట్టి, మయోనైజ్‌తో ఇచ్చారు. అది ఎబి ఫురై, వేరే వంటకం. వంట పేరునైనా గౌరవించాలి కదా!

శాకాహారులకు ఇంకో మాట. జపాన్‌లో 'కూరగాయల టెంపురా' అనగానే నమ్మి తినేయకండి. పిండిలో గుడ్డు ఉండవచ్చు, రొయ్యలు వేగిన నూనే కావచ్చు. అద్దుకోవడానికి పక్కన ఇచ్చే త్సుయు అనే పులుసులో సాధారణంగా ఎండబెట్టిన కత్సువో చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. మా అత్తగారు అది తెలియక రెండుసార్లు అద్దుకుని తిన్నారు, తెలిశాక రాత్రంతా బాధపడ్డారు. ఇంట్లో గుడ్డు మానేసి, చల్లటి నీళ్లతోనే పిండి కలిపి, ఉప్పు అద్దుకుని తినండి. నేను ఆవిడకు ఇప్పుడు అలాగే చేసి పెడుతున్నాను.