బూడిద లోకంలో గేమ్ పెట్టబోతున్న మా పాపకు

పాపా,

నువ్వు పంపిన డిజైన్ డాక్యుమెంట్, అదే మీ వీడియో గేమ్ ఎలా ఉండాలో రాసుకున్న ప్లాన్, మొత్తం చదివాను. నదులు ఎండిపోయాయి, దేవుళ్ళు చచ్చిపోయారు, ఆకాశం నుంచి బూడిద రాలుతోంది, ఊళ్ళో ఎవడూ ఎవణ్ణీ నమ్మడు, సరే. నువ్వడిగింది ఏంటంటే, ఇంత దిగులు లోకం పెడితే ఆడేవాళ్ళు పారిపోతారా, లేకపోతే అందరిలా అడవులు, కోటలు, ఎల్ఫులు (కోసచెవుల మాయామనుషులు) పెట్టుకుని సేఫ్‌గా వెళ్ళాలా అని. దీని మీద మీ టీమ్ ఉండే ఫ్లాట్‌లో రోజూ గొడవేనని కూడా రాశావు. ఈ బెంగళూరులో ఇన్నేళ్ళు ముందు గేమ్ టెస్టింగ్‌లో, తర్వాత లెవెల్ డిజైన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా, మొహమాటం లేకుండా.

మీ గొడవలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. లోకం దిగులుగా ఉండటం ఒకటి. లోకం ఎప్పుడూ చూడనంత కొత్తగా ఉండటం ఇంకొకటి. 2011లో వచ్చిన డార్క్ సోల్స్ గేమ్ చూడు, అంతకంటే దిగులు లోకం ఏముంటుంది, కానీ అందులో కొత్తదనం తక్కువే. కత్తీ డాలూ, కోటా, డ్రాగనూ అన్నీ మనకు తెలిసినవే, కాబట్టి ఎదురుగా కవచం వేసుకున్నవాడు నడిచొస్తుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. 2002 నాటి మారోవిండ్ దీనికి తలకిందులు. చెట్లంత పుట్టగొడుగులు, బస్సులాగా మనుషుల్ని మోసే పెద్ద పురుగు, బూడిద తుఫానులు, అంతా వింతే. అయినా మనసుని నలిపేసే గేమ్ కాదది, తిరిగేకొద్దీ ఇంకా తిరగాలనిపిస్తుంది.

ఆడేవాడి దగ్గర ఇవి రెండూ అప్పులే. కొత్త లోకం వాడి బుర్రని అప్పడుగుతుంది, ఇవన్నీ నేర్చుకో అని. దిగులు లోకం వాడి ఓపికని అడుగుతుంది. ఏదో ఒకటి అడిగితే ఇస్తాడు. మొదటి పావుగంటలోనే రెండూ అడిగి, తిరిగి ఏమీ ఇవ్వకపోతే గేమ్ మూసేసి పోతాడు. నీ డాక్యుమెంట్ ఇప్పుడు రెండూ అడుగుతోంది.

అలాగని రెండూ కలిపి అడగకూడదనేం లేదు. 1999లో ప్లేన్‌స్కేప్: టార్మెంట్ అనే గేమ్ అదే చేసింది. హీరో శవాలగదిలో బల్ల మీద లేస్తాడు, తనెవరో తనకే తెలియదు, పేరు లేదు. ఊరు చూస్తే ఎక్కడ ఏ తలుపు ఏ లోకంలోకి తెరుచుకుంటుందో తెలియని ఊరు. కానీ ఆ మొదటి గదిలోనే గాల్లో తేలే ఒక పుర్రె వచ్చి జోకులేస్తూ వెంట పడుతుంది! నేనెవర్ని అన్న ప్రశ్న ఉంది కాబట్టి లోకం అర్థం కాకపోయినా ఆడేవాడు ముందుకే వెళ్తాడు, ఎందుకంటే హీరోకీ అర్థం కాలేదు, ఇద్దరూ కలిసే తెలుసుకుంటారు. పైగా హీరోకి చావు రాదు, చచ్చినా మళ్ళీ లేస్తాడు. అంటే ఆ లోకపు విడ్డూరం కథలోనే కాదు, గేమ్ నడిచే పద్ధతిలో కూడా ఉంది. అదే ఇంజిన్ (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీద అంతకుముందు ఏడాది వచ్చిన బాల్డర్స్ గేట్‌తో పోలిస్తే ఇది తక్కువే అమ్ముడుపోయింది, ఆ మాట మీ ఫ్లాట్‌లో అవతలి పార్టీవాళ్ళు తప్పకుండా ఎత్తుతారు. నన్నడిగితే తప్పంతా లోకం మీద వేయడం అన్యాయం. అందులో ఫైట్లు అంత గొప్పగా ఉండవు, చదవాల్సింది బండెడు, గేమ్ అమ్మిన డబ్బా మీద చూస్తే గాట్లు పడ్డ నీలం రంగు మొహం. షాపులో ఆ డబ్బా చూసినవాడు లోపల అన్ని జోకులు ఉంటాయని ఎలా అనుకుంటాడు?

ఇప్పుడు నీ డాక్యుమెంట్‌లో అసలు లోటుకి వస్తా. నీళ్ళు లేవు, నీళ్ళు లేవు అని పేజీలకు పేజీలు రాశావు. రూల్స్ భాగంలో మాత్రం నీళ్ళ ఊసే లేదు! హీరో రోజంతా ఎండలో నడిచినా దాహం వేయదు, నీళ్ళకు ధర లేదు, బిందె బరువు లేదు. అలాంటప్పుడు అది కరువు లోకం కాదు పాపా, కరువు వాల్‌పేపర్. 1993లో డార్క్ సన్: షాటర్డ్ ల్యాండ్స్ అని ఒక గేమ్ వచ్చింది, ఎస్‌ఎస్‌ఐ అనే కంపెనీవాళ్ళది, ఎలాగైనా సంపాదించి ఆడు. అదంతా ఎడారి లోకం, లోహం దొరకడమే అరుదు, ఎముకతోనూ రాతితోనూ ఆయుధాలు. ఆ లోకంలో జాగ్రత్త లేకుండా మంత్రం వేస్తే చుట్టుపక్కల మొక్కల ప్రాణం పోతుంది, అంటే నేల అలా ఎందుకు ఎండిపోయిందో మంత్రగాణ్ణి చూస్తేనే తెలుస్తుంది. మొదలుపెట్టడమే బానిసలుగా, గోదాలో. చేయాల్సిన పని కూడా తేలిగ్గా అర్థమవుతుంది: తప్పించుకోవాలి, ఊళ్ళన్నిటినీ ఒక్కటి చేసి మీదికొచ్చే సైన్యాన్ని ఆపాలి. లోకం ఎంత ఎండిపోయినా చేతిలో పని ఉంది కదా, దిగులు పడే తీరికుండదు. 2016లో వచ్చిన డార్కెస్ట్ డంజన్ దిగులునే ఒక అంకెగా మార్చి స్క్రీన్ మీద పెట్టింది. నీ మనిషికి టెన్షన్ వంద దాటిందా, చాలాసార్లు మతి చెడుతుంది, మాట వినడు, పక్కవాణ్ణి తిడతాడు, ఎప్పుడో ఒకసారి మాత్రం ఎదురుతిరిగి వీరుడౌతాడు. ఆ ఎప్పుడో ఒకసారి కోసమే జనం ఆడతారు.

కాబట్టి ముందు నీళ్ళని రూల్స్‌లోకి తీసుకురా. తాగాలా, అమ్మాలా, ఎవరికైనా పోయాలా అని ఆడేవాడు ప్రతి మలుపులో ఆలోచించుకోవాలి. ఇది ఒక్కటి చేస్తే నీ కథలో సగం డైలాగులు కొట్టేయొచ్చు.

డైలాగులంటే గుర్తొచ్చింది. నీ ఊళ్ళో కనిపించిన ప్రతివాడూ ఆగి, లోకం ఎలా నాశనమైందో ఉపన్యాసం ఇస్తాడు. మనది అనంతపురం జిల్లా, కరువంటే ఏంటో నీకు ఎవరో చెప్పాలా? బోరు ఫెయిలైన రైతు కరువు గురించి మాట్లాడడు, ఇంకో వంద అడుగులు దింపితే పడుతుందేమోనని మాట్లాడతాడు, బోరు బండివాడికి ఎంతివ్వాలో మాట్లాడతాడు. శెనక్కాయ పంట పోయిన ఏడాది కూడా జాతర ఆగదు, అప్పు చేసైనా ఓళిగలు చేస్తారు, బెంగళూరులో కూలికి వెళ్ళినవాళ్ళు దొరికిన బస్సు పట్టుకుని వస్తారు. ఇక్కడ బెంగళూరులో మాత్రం? 2017లో బెళ్ళందూరు చెరువులో మంటలు లేచాయి, చెరువు అంటుకోవడం ఏ ఫాంటసీ రాసేవాడికైనా తడుతుందా చెప్పు, అయినా ఆ పొగ పక్కనుంచే ఆఫీసు బస్సులు వెళ్ళాయి. 2024 ఎండాకాలంలో నీళ్ళ కటకట వచ్చినప్పుడు తాగేనీళ్ళతో కారు కడిగితే 5 వేలు జరిమానా అన్నారు. అప్పుడు మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రళయం గురించి ఒక్కడూ రాయలేదు. ట్యాంకర్ రేటు ఎంత, మూడో అంతస్తువాళ్ళు రాత్రిపూట వాషింగ్ మెషీన్ ఎందుకు వేస్తున్నారు, ఇవే. నీ బూడిద ఊరివాళ్ళు కూడా అలాగే మాట్లాడాలి. లోకం పోయిందని వాళ్ళు చెప్పకూడదు, ట్యాంకర్ రేటు చెప్పాలి. మిగతాది ఆడేవాడే అల్లుకుంటాడు.

రంగుల గురించి ఒక్క మాట. అంతా బూడిద రంగు పెట్టకు. నా టెస్టింగ్ రోజుల్లో ఇలాంటి లెవెల్స్ మీద మేం ఎక్కువగా రాసిన బగ్, అంటే గేమ్‌లో తప్పు, ఏంటో తెలుసా, శత్రువు కనిపించట్లేదని. అయినా కరువు రోజుల్లో మన ఊళ్ళో ఆకాశం ఎంత నీలంగా ఉంటుందో నువ్వు చూడలేదా? మబ్బు లేకపోవడమే కదా అక్కడ బాధ. అలాంటి నీలం పెట్టు, బూడిదకంటే ఎక్కువ భయపెడుతుంది.

ఊపిరి తీసుకునే చోటు కూడా ఉండాలి. విచర్ 3 గేమ్‌లో వెలెన్ అని ఒక ప్రాంతం ఉంది, యుద్ధం తినేసిన నేల, చెట్లకు ఉరితీసిన శవాలు, ఆకలి. దాన్ని అంతసేపు భరించగలిగామంటే మధ్యలో పేకాడే సత్రాలున్నాయి, వెటకారాలున్నాయి. తర్వాత 2016లో దానికి అదనపు భాగంగా ఇచ్చిన బ్లడ్ అండ్ వైన్‌లో ద్రాక్షతోటలూ ఎండా పెట్టి, ఆ అందం కిందే మళ్ళీ రక్తం పారించారు. డార్క్ సోల్స్‌లో అయితే ఒక్క మంట చాలు. దాని పక్కన కూర్చుంటే గాయాలు మానతాయి, కాకపోతే చంపిన శత్రువుల్లో చాలామంది తిరిగి లేస్తారు, కాబట్టి ఆ విశ్రాంతికి కూడా లెక్క కట్టాల్సిందే. నీ గేమ్‌లో అలాంటి చోటు ఒక్కటైనా ఉందా అని వెతికాను, దొరకలేదు. ఒక బావి పెట్టు, నీళ్ళున్న బావి, దాని చుట్టూ నలుగురు.

ఆ నలుగురిలో ఒక్కరైనా హీరోకి అబద్ధం చెప్పకూడదు. ఇది చాలా ముఖ్యం. అందరూ మోసగాళ్ళే అయితే మూడో మోసం దగ్గరికి వచ్చేసరికి ఆడేవాడికి ఆశ్చర్యం పోతుంది, ఎవరేం చెప్పినా బటన్ నొక్కేసి దాటేస్తాడు. కాపాడుకోవాల్సింది ఒకటుంటేనే పోగొట్టుకుంటామన్న భయం. 2016లోనే వచ్చిన టిరనీ గేమ్‌లో చెడ్డవాళ్ళు అప్పటికే గెలిచేశారు, హీరో వాళ్ళ దగ్గర ఉద్యోగి. అది కూడా తయారుచేసినవాళ్ళు ఆశించినంత అమ్ముడుపోలేదు. కానీ దాంట్లో ఒక మంచి ఉపాయం ఉంది: అసలు కథకు ముందే, ఆ దండయాత్రలో నువ్వేం చేశావో నీతోనే ఎంపిక చేయిస్తారు. తర్వాత కాలిపోయిన ఊరు కనబడితే, అది నీ చేతులతో కాల్చిందే కావచ్చు. దిగులు బయట ఉండటం వేరు, అందులో మన వాటా ఉండటం వేరు. నీ ప్రోలాగ్‌లో, అదే కథకు ముందొచ్చే భాగంలో, ఆ పని చేయగలవేమో చూడు, పెద్ద ఖర్చు కూడా కాదు.

సేఫ్‌గా ఎల్ఫులు పెడదామన్న మీవాళ్ళకు మాత్రం ఇది చెప్పు. ఆ సేఫ్ దారిలో మీకు ఎదురొచ్చేది స్కైరిమ్, బాల్డర్స్ గేట్ 3. పెద్ద పెద్ద టీమ్‌లు ఏళ్ళ తరబడి చేసిన గేమ్‌లు. ఒక ఫ్లాట్‌లో కూర్చున్న మీరు అంతకంటే అందమైన అడవి గీయగలరా? గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో వేలెడంత బొమ్మ చూసి ఆగాలంటే అది ఇంతకుముందు చూడనిదై ఉండాలి. 2019లో డిస్కో ఎలీసియం చూడు, కూలిపోయిన ఊరు, తాగి పడిపోయిన పోలీసు, ఫైట్లే లేవు, అయినా ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో నాలుగు ఎత్తుకెళ్ళింది. చిన్న టీమ్‌కి వింత లోకమే ఆస్తి. కాకపోతే ఆడేవాడు ఆ వింతలోకి నడిచే మొదటి అడుగు తెలిసిన నేల మీద పడాలి. మారోవిండ్ మొదటి ఊరు గుర్తు తెచ్చుకో, పడవ దిగితే మామూలు ఇళ్ళే, ఊరి చివరే ఆ పెద్ద పురుగు. నువ్వేమో మొదటి స్క్రీన్‌లోనే నువ్వు కనిపెట్టిన ఊరిపేర్లు, కులాల పేర్లు, నెలల పేర్లు అన్నీ కుమ్మరించావు. నీళ్ళమ్మేవాణ్ణి నీళ్ళమ్మేవాడనే అను.

పబ్లిషర్లకు పంపే మాట ఇంకా నెల్లాళ్ళు పక్కన పెట్టండి. ముందు మొదటి గంట ఆడగలిగేలా చేసి, గేమ్‌లంటే తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ ఇచ్చి, వెనక కూర్చుని చూడండి. వాళ్ళు చెప్పేదానికంటే ఎక్కడ ఫోన్ తీస్తున్నారో రాసుకోండి. బావి, నీళ్ళ లెక్క పెట్టాక వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని మారతహళ్ళి రా. అత్త ఉగ్గాని, బజ్జీలు చేస్తానంది. నేను ఆడుతున్నప్పుడు మాత్రం పక్కన కూర్చుని ఇది ఇలా, అది అలా అని ఏమీ చెప్పకూడదు, ముందే చెప్తున్నా.

మామ