గొంతు ముందు, ఫోటోలు తర్వాత

ప్రశ్న: మా వారు పోయి మూడు నెలలైంది. ఆయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. బండి తీస్తే మహేంద్రగిరి, లేదంటే గోపాలపురం సముద్రం. ఏదీ కుదరకపోతే పిల్లల్ని గుణుపురం రైలెక్కించి ఊరికే తిప్పి తెచ్చేవారు. ఉన్నంతసేపూ అందరినీ నవ్వించేవారు. సంవత్సరీకం నాటికి ఆయన గుర్తులన్నీ ఒకచోట చేర్చి పిల్లల చేతిలో పెట్టాలని ఉంది. మూడు ఆల్బములున్నాయి, ఒకటి తుపాన్లో తడిసింది. పిల్లల చిన్నప్పుడు ఆయన మాటలు, పాటలు పట్టిన క్యాసెట్లు రెండున్నాయి. ఆయన ఫోనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు ఆల్బము మీదికే పోతుంది. మీరు మాత్రం ఫోనుతో మొదలుపెట్టండి, అదీ ఈ వారమే. ఆల్బము ఇంకో ఏడాది ఆగుతుంది, ఫోను ఆగదు. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకుండా వదిలేస్తే రద్దయి వేరేవాళ్లకు వెళ్లిపోవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు నెట్‌కు తగలకుండా ఉంటే సాధారణంగా తీసేస్తారు. కాబట్టి ముందు చిన్న రీఛార్జి చేయించి, ఫోనును ఒకసారి నెట్‌కు కలపండి. లాక్ తెలియకపోతే అదే పనిగా ఊహించి కొట్టకండి. కొన్ని ఫోన్లు తప్పు ప్రయత్నాలు ఎక్కువైతే లోపలున్నదంతా చెరిపేస్తాయి. ‘రీసెట్ చేసి తెరిచేస్తాం’ అనే కొట్టుకు అసలే ఇవ్వకండి. రీసెట్ చేస్తే ఫోను తెరుచుకుంటుంది కానీ అందులో ఆయన ఉండరు.

ఆయన పంపిన వాయిస్ మెసేజీలు మీ ఫోన్లో, పిల్లల ఫోన్లలో కూడా ఉంటాయి. ‘వచ్చేటప్పుడు కొత్తిమీర తేనా?’ అని అడిగిన పది సెకన్ల మాటైనా దాచండి. మీ ఫోన్లో ఆయన చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ‘మోర్’లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ ఎంచి, మీడియాతో సహా గూగుల్ డ్రైవ్‌లో దాచుకోండి. మెయిల్‌కు పంపితే సైజు ఎక్కువై ఆగిపోవచ్చు. బంధువుల దగ్గరున్న ఫోటోలు అడిగేటప్పుడు, మామూలుగా కాక ‘డాక్యుమెంట్’గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది, తర్వాత అచ్చులో మొహాలు మసకగా వస్తాయి. అంతా అయ్యాక ఫోనును సగం ఛార్జితో ఉంచి, రెండు నెలలకోసారి మళ్లీ ఛార్జి చేయండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పాడవుతుంది, ఉబ్బితే వాడకండి.

తర్వాత క్యాసెట్లు. టేపురికార్డరులో పెట్టకముందే ఒక పని చేయండి. క్యాసెట్ పై అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి, వాటిని పిన్నుతో విరిచేయండి. ఇక ఎవరి వేలు పొరపాటున రికార్డు బటన్ మీద పడ్డా ఆయన మాట చెరిగిపోదు. క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లగా బూజు పొడి కనిపిస్తే ప్లే చేయకండి, ఆ బూజు హెడ్‌కు, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే ముక్కకు, అంటి రెండో క్యాసెట్‌ను కూడా పాడుచేస్తుంది. దాన్ని పాత టేపులు బాగుచేసే మనిషికే ఇవ్వండి. శుభ్రంగా ఉంటే మొబైల్ రిపేరు కొట్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో హెడ్‌ను, టేపును లాగే సన్నని ఇనుప కడ్డీని, దాని పక్కనున్న రబ్బరు చక్రాన్ని తుడిచి ఆరనివ్వండి. తర్వాత టేపును ఆ చివరి దాకా, మళ్లీ ఈ చివరి దాకా ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న టేపు ఎక్కడికక్కడ వదులూ బిగువూ అయి ఉంటుంది. అలాగే ప్లే చేస్తే గొంతు ఊగుతుంది, ఒక్కోసారి టేపు నలిగిపోతుంది.

శబ్దం దూరం నుంచి, దుప్పటి కప్పుకున్నట్టు వస్తోందంటే క్యాసెట్ మధ్యలో సన్నని లోహపు రేకు మీదుండే ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంటుంది. టేపును హెడ్‌కు ఒత్తిపట్టేది అదే. అయిదు స్క్రూలున్న మంచి క్యాసెట్ ఒకటి విప్పి టేపును అందులోకి మార్చేస్తే సరిపోతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు కేబుల్ పెట్టి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో రికార్డు చేయండి. మోత అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది మాట దగ్గర కాదు, నవ్వు దగ్గర. ఆడాసిటీ మీటరులో ఆయన నవ్వు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా వాల్యూము పెట్టుకోండి. ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతకలేరు. శబ్దాన్ని కుదించని డబ్ల్యూఏవీ ఫైలుగా దాచండి, అరగంట నడిచే ఒక్కో వైపుకు సుమారు 300 ఎంబీ అవుతుంది. మధ్యలో కుక్కరు విజిలు, వీధిలో అమ్మేవాడి కేక, పిల్లల ఏడుపు వస్తే కత్తిరించకండి. అది ఆ రోజుటి మీ ఇల్లు.

ఇక ఆల్బములు. తడిసిన ఆల్బములో ఫోటోలు ప్లాస్టిక్‌కు అతుక్కుంటే లాగకండి, రంగు పొర ప్లాస్టిక్‌తోపాటే ఊడివస్తుంది. ముందు పేజీ పేజీగా పైనుంచే స్కాన్ చేయండి. అద్దానికి అతుక్కున్న పటాన్ని అద్దంతోనే స్కాన్ చేయాలి. జిగురు పేజీల ఆల్బమైతే పళ్ల సందుల్లో వాడే దారాన్ని ఫోటో కింద అటూ ఇటూ రంపంలా ఆడిస్తే చాలావరకు ఊడివస్తుంది. బూజు పట్టిన ఫోటోను తడిగుడ్డతో తుడవకండి. బూజు తిన్న పొర నీటిలో కరుగుతుంది, గుడ్డతోపాటు మొహం కూడా వస్తుంది. స్కానింగులో మామూలు ఫోటోకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), నెగెటివ్‌కు 2400 చాలు. స్టూడియో కవర్లు పారేయకుండా వెతకండి, నెగెటివ్‌లు అందులోనే ఉంటాయి. ఫోటో పాడైనా నెగెటివ్ బాగుండొచ్చు. అసలు ఫోటోలను లామినేషన్ చేయించకండి, దాన్ని మళ్లీ విప్పడం కుదరదు. వెనుక పేర్లు మెత్తని పెన్సిల్‌తో, అంచున రాయండి. బీరువాలో కలరా ఉండలకు దూరంగా, గోడకు తగలకుండా పెట్టండి.

ప్రశ్న: నాన్నగారి గురించి ఆయన స్నేహితుల్ని అడుగుతుంటే ‘దేవుడులాంటి మనిషమ్మా’ అని ఊరుకుంటున్నారు. వాళ్లలో సగంమంది ఒడియావాళ్లు. ఏమడగాలో, ఎలా రాయాలో తెలియడం లేదు.
— ఒక కూతురు, బరంపురం

జవాబు: ‘నాన్న ఎలాంటివారు?’ అని అడిగితే వచ్చేది ఆ జవాబే. ఉత్త చేతులతో వెళ్లకండి, ఒక ఫోటో పట్టుకెళ్లి ముందు పెట్టండి. బండి ఎవరిది, వెనక ఎవరు కూర్చున్నారు, పంక్చరు ఎక్కడైంది, ఆ రాత్రి ఏం తిన్నారు, ఆలస్యమైనందుకు ఇంట్లో ఏం చెప్పారు అని అడగండి. మహేంద్రగిరి 1501 మీటర్ల కొండ. పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి, శివరాత్రికి జనం పోటెత్తుతారు. ‘వెళ్లాం’ అంటే సరిపోదు. ఎక్కడిదాకా బండి మీద, ఎక్కడినుంచి నడక, చలికి ఎవరు వణికారు, అందరి నీళ్లూ ఎవరు తాగేశారు అనేవి వస్తేనే మీ నాన్నగారు కనిపిస్తారు.

ఫ్యాను, టీవీ ఆపించండి. ఫ్యాను హోరు చెవికి తెలియదు, రికార్డులో మాత్రం మాటను మింగేస్తుంది. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి రెండు జానల దూరంలో ఉంచండి. ముందు అరనిమిషం రికార్డు చేసి విని చూడండి. తేదీ, ఊరు, పేరు చెప్పించి మొదలుపెట్టండి. ఒక్కొక్కరి దగ్గర ముప్పావుగంట చాలు, వయసైనవాళ్లు అలిసిపోతారు. చెబుతూ మధ్యలో మాట రాక ఆగిపోతే తొందరపెట్టకండి, రికార్డు ఆపకండి.

ఒడియాలో చెప్పింది ఒడియాలోనే ఉంచండి. తెలుగు లిపిలో వాళ్లన్నట్టే రాసి, కింద అర్థం ఇవ్వండి. మన పక్క తెలుగును కూడా దిద్దకండి. ఆయన ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని రాయకండి. ఆ ‘ఏటి’లోనే ఆయన గొంతుంది.

సంవత్సరాలు తెలియకపోతే ఫోటోలే చెబుతాయి. నౌపడా–గుణుపురం నేరోగేజి చిన్న రైలు 2004లో ఆగిపోయింది, పెద్ద లైను గుణుపురం దాకా 2011లో వచ్చింది. ఆ చిన్న రైలు పెట్టెలో కూర్చున్న ఫోటో 2004 దాటి ఉండదు. పర్లాకిమిడి చిరునామాలో ‘గంజాం జిల్లా’ అని ఉంటే ఆ ఉత్తరం 1992 అక్టోబరు 2కు ముందుది కావచ్చు, గజపతి జిల్లా ఆ రోజే ఏర్పడింది. జిల్లా మారాక కూడా కొందరు పాత పేరే రాస్తూ పోయారు కాబట్టి పోస్టు ముద్ర కూడా చూడండి. బండి నంబరు ఓఆర్ 07 అయితే గంజాంలో, ఓఆర్ 20 అయితే గజపతిలో రిజిస్టరైంది. ఓఆర్ పోయి ఓడీ వచ్చింది 2012లో. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11. ‘తుపానుకు ముందా, తర్వాతా?’ అని అడిగితే సంవత్సరం గుర్తులేనివాళ్లకు కూడా ఠక్కున గుర్తొస్తుంది. ఫోటో మూలన ఎర్రగా పడ్డ తేదీని ఒక్కదాన్నీ నమ్మకండి. బ్యాటరీ మార్చాక తేదీ దిద్దని కెమెరాలు చాలా ఉండేవి.

అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. తిరిగిన ఊళ్ల గురించి స్నేహితులు చెబుతారు. వాన రాత్రి బండి చప్పుడు కోసం మేలుకున్నది, అన్నం ఎన్నిసార్లు వేడి చేసింది ఆమె మాత్రమే చెప్పగలరు. ఆయన మీద కోపం వచ్చిన రోజులు చెబితే అవి కూడా రాయండి. నవ్వులొక్కటే ఉన్న పుస్తకాన్ని పిల్లలు పెద్దయ్యాక నమ్మరు.

ప్రశ్న: మా మనవలు ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మా అబ్బాయి గురించి చిన్న పుస్తకం వేయిస్తే వాళ్లకెలా అందుతుంది?
— ఒక తాతగారు, రాయగడ

జవాబు: ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఒడియా వేయించండి. డీటీపీ చేసేవారితో ‘యూనికోడ్‌లో కొట్టండి’ అని ముందే చెప్పండి. పాత అను ఫాంట్లలో కొడితే అచ్చు అందంగా వస్తుంది కానీ ఆ మాటలు ఫోన్లోకి ఎక్కించగానే గజిబిజి అక్షరాలవుతాయి. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన ఉండాలి, 24 గానీ 28 గానీ పెట్టుకోండి. అక్షరం 14 పాయింట్లకు తగ్గితే మీ వయసువాళ్లకు ఇబ్బంది. గొంతు రికార్డులు డ్రైవ్‌లో పెట్టి, దాని క్యూఆర్ కోడ్‌ను పుస్తకంలో అచ్చు వేయించండి, ఫోను చూపిస్తే పిల్లలకు వినిపిస్తుంది. ఆ ఖాతాను ఎవరో ఒకరు అప్పుడప్పుడు తెరుస్తుండాలి. రెండేళ్లు ముట్టని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. అందుకని అవే ఫైళ్లు రెండు పెన్‌డ్రైవ్‌లలో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

చివరి నాలుగు పేజీలు ఖాళీగా వదిలేయండి. సంవత్సరీకం నాడు భోజనాల దగ్గర ఎవరికో ఒకరికి మీరెవరూ వినని సంగతి గుర్తొస్తుంది, ఆ పూటే వాళ్ల చేతే రాయించండి.