ప్రతి ‘ఇన్’ కాదనదు

అమ్మాయీ,

నీ అనువాద కథ చదివాను. సంభాషణలు బాగా కుదిరాయి. గోదాము గోడ మీది ‘ఇన్‌ఫ్లేమబుల్’ బోర్డును మాత్రం ‘నిప్పు అంటుకోదు’ అని రాశావు. అసలు అర్థం ‘ఇట్టే అంటుకుంటుంది’. అక్కడున్నది మాట ముందు చేరి కాదనే ‘ఇన్’ కాదు. లాటిన్‌లో ‘లోపలికి’ అనే అర్థమున్న ఇంకో ‘ఇన్’. ఇంగ్లీషువాళ్లే పొరబడుతున్నారని 1920ల్లోనే అమెరికా అగ్నిప్రమాద నివారణ సంఘం ‘ఫ్లేమబుల్’ అని రాయమంది. కాబట్టి టెన్షన్ పడకు.

కాదనే ‘అన్’ ఇంగ్లీషుకు పాతకాలం నుంచీ సొంతం. ‘ఇన్’ లాటిన్‌ది, 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ల ఫ్రెంచి వెంట వచ్చిన మాటలతో బాగా పాతుకుంది. ‘ఎ’, ‘అన్’ అనే ఇంకో జంట గ్రీకుది. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘అ’, ‘అన్’ కూడా వీటికి తోబుట్టువులే. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’: అధర్మం, అనంతం. గ్రీకులోనూ ఇదే పద్ధతి. ‘అనానిమస్’కీ మన ‘అనామకం’కీ ఉన్న పోలిక కాకతాళీయం కాదు. ‘ఇన్’ కాస్తా పాసిబుల్ ముందు ‘ఇమ్’, లీగల్ ముందు ‘ఇల్’ అయిందంటే, సంధులు చదివినదానివి, నీకు వింతేముంది?

నీకు పనికొచ్చేది ఇక్కడి నుంచి. ‘ఇమ్మోరల్’ మనిషి నీతి తప్పినవాడు. ‘ఎమోరల్’ మనిషికి నీతి అన్న ఆలోచనే పట్టదు. ఇద్దరినీ ‘అనైతికం’ అనేస్తే పాత్రే మారిపోతుంది. ‘నాన్’ ఎవరినీ నిందించదు: కుక్క, రాయి ‘నాన్‌హ్యూమన్’. ‘ఇన్‌హ్యూమన్’ అని తిట్టేది మనిషి చేసిన పనినే. క్రియ ముందు వచ్చే ‘అన్’ పుట్టుకే వేరు. జర్మన్ ‘ఎంట్’కు చుట్టం, చేసినదాన్ని వెనక్కి తిప్పుతుంది. ‘అన్‌టై’ అంటే కట్టకపోవడం కాదు, ముడి విప్పడం. అందుకే ‘అన్‌లాకబుల్’ తలుపంటే తాళం వేయడానికి వీల్లేనిదీ కావచ్చు, వేసిన తాళం తీయగలిగినదీ కావచ్చు. (నాకు భలే ఇష్టమైన మాట ఇది.) సందర్భం చూడనిదే తేలదు.

ఇన్ని తెలిశాక, కనిపించిన ప్రతిదానికీ ‘అ’ తగిలించకు. తెలుగు కాదనడాన్ని మాట చివర పెడుతుంది: రాని, లేని, తెగని. ‘అసంతోషంగా ఉన్న తల్లి’ అన్నావు. ‘మనసు బాగోలేని తల్లి’ అనరాదూ? ‘అన్యాయం’ లాంటివి మన నోట నలిగినవి, వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. అనుమానం వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాను, చూసుకుని మళ్లీ పంపు.