ముప్పై అయిదు దాటాక బేస్ గిటార్ నేర్చుకోవచ్చా?

విజయనగరంలో ఉంటున్నారు, వయసు ముప్పై అయిదు దాటింది, లీడ్ కంటే బేస్ సులువని ఎవరో చెప్పారు, నేర్పేవాళ్ళు దొరకడం లేదు, నాలుగు తీగలది కొనాలా అయిదు తీగలదా అని మీ ప్రశ్న. వయసు సంగతి వదిలేయండి, అదసలు అడ్డే కాదు. సులువన్న మాట మాత్రం నమ్మకండి. మొదటి నెల సులువే. నాలుగు స్వరాలు పట్టుకుని పాట వెనకాల నడిచిపోవచ్చు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు తంటా: మోగిన తీగని సరైన చోట ఆపడం.

ముందు కొనుగోలు ముగించేద్దాం. నాలుగు తీగలది, 34 అంగుళాల స్కేలుది (స్కేలంటే తీగ మోగే పొడవు) తీసుకోండి. చేతులు చిన్నవైతే 30 అంగుళాలది కూడా నిక్షేపంగా పనిచేస్తుంది. లావు నుంచి సన్నం దాకా తీగలు E, A, D, G. లావు తీగ E స్వరం సుమారు 41 హెర్ట్జ్. అయిదు తీగల దాంట్లో అదనంగా వచ్చే బి స్వరం దాదాపు 31. మన పక్క ఫంక్షన్ హాళ్ళలో పెట్టే మామూలు బాక్సులు ఆ స్వరాన్ని సరిగా పలికించలేవు. అదురే తప్ప స్వరం వినపడదు. కొట్లో రంగు చూసి మురిసిపోకుండా ప్రతి తీగనీ ఒక్కో ఫ్రెట్టు (మెడ మీది అడ్డ కమ్మీ) మీదా నొక్కి వాయించి చూడండి. ఎక్కడైనా స్వరం చచ్చిపోతోందా, జివ్వుమంటోందా? 12వ ఫ్రెట్టు మీద తీగని ఊరికే తాకి మీటితే వచ్చే సన్నటి స్వరం (హార్మోనిక్), అక్కడే నొక్కితే వచ్చే స్వరం శ్రుతి చూపించే ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి (తీగల కింది చివర ఉండే పలక) మీద ఆ తీగ ఆనే చిన్న దిమ్మని, అంటే శాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే ముందుకి. అది స్క్రూడ్రైవర్ పనే, దానికి బేరం వదులుకోనక్కర్లేదు. మెడ మెలి తిరిగి ఉంటే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇక ఆపడం. లీడ్ గిటార్‌లో ఒక తీగ అనవసరంగా మోగితే పాటలో కలిసిపోతుంది. బేస్‌లో ఖాళీ తీగ ఒకటి అడుగున గుంయ్‌మంటూ ఉంటే పాటంతా బురదైపోతుంది, తప్పెక్కడుందో పాడేవాళ్ళకి కూడా అర్థం కాదు. కుడి బొటనవేలిని ఎప్పుడూ పికప్ (తీగల కింద ఉండి చప్పుడు పట్టే అయస్కాంతపు ముక్క) మీదే ఆన్చి ఉంచితే ఈ జబ్బు తప్పదు. లావు తీగ వాయించేటప్పుడు పికప్ మీద ఉంచండి. A తీగకి వెళ్తే వేలు లావు తీగ మీదకి దిగాలి. D తీగకి వెళ్తే A తీగ మీద ఆనుతూ, పక్క అంచుతో లావు తీగనీ ఒత్తిపట్టాలి. మొదట్లో చెయ్యి తేలిపోతున్నట్టు ఉంటుంది, కొన్ని వారాల్లో అలవాటవుతుంది.

ఎడమ చెయ్యి ఇంకా ముఖ్యం. స్వరం ఆపాలంటే వేలిని పూర్తిగా ఎత్తేయకూడదు, ఒత్తిడి వదిలి తీగని తాకుతూ ఉండాలి. ఇక్కడో చిక్కుంది. 5, 7, 12 ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలితో అలా వదిలితే తీగ ఆగడానికి బదులు సన్నగా హార్మోనిక్ పలుకుతుంది. అందుకే అక్కడ రెండు మూడు వేళ్ళు పరిచి ఆపాలి. యూట్యూబ్‌లో స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టే వాయింపు) చూపించి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళలో ఈ ముక్క చెప్పేవాళ్ళు తక్కువ.

సాధనకి ఫోన్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టండి. ఒక స్వరం మీటి నాలుగు దెబ్బలు నిలిపి, సరిగ్గా అయిదో దెబ్బ మీద ఆపండి. తర్వాత రెండు దెబ్బలు, తర్వాత ఒకటి, తర్వాత అర. వేగం పెంచకండి, 60లో అర దెబ్బ ఆపడమే కష్టం. ఇయర్‌ఫోన్స్ వైరువి వాడండి. బ్లూటూత్‌లో చప్పుడు ఆలస్యంగా వచ్చి, తప్పు మీ చేతిదో దానిదో తెలియదు. ఫోన్ స్పీకర్‌లో పాట పెట్టి బేస్ లైను పట్టుకోవాలని చూడకండి, అందులో అడుగు స్వరాలు దాదాపు ఉండవు.

గురువు దొరకలేదంటున్నారు. బేస్ గురువు దొరక్కపోవచ్చు గానీ, విజయనగరంలో లయ నేర్పేవాళ్ళు లేరంటే ఎలాగండీ? 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు నడిపించిన చోటు. మృదంగమో ఢోలకో నేర్చుకుంటున్న కుర్రాణ్ణి పట్టుకుని వారానికోసారి గంటసేపు కూర్చోండి. ఢోలక్ ఎడమవైపు గుమ్‌మని జారే దెబ్బ, మీ బేస్ ఒకే చోట కొట్టుకుంటాయి. అతను ఆ దెబ్బ జార్చిన చోట మీరు స్వరం కత్తిరించాలి, అతను ఆ దెబ్బ వెయ్యని చోట నిలపాలి. డ్రమ్స్ ఉంటే కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో) కలిసి మొదలవ్వండి, ప్రతి కిక్‌కీ స్వరం వెయ్యాలని లేదు.

పాడేవాళ్ళు శ్రుతి అంకెల్లోనే చెప్తారు. మగవాళ్ళలో చాలామంది ఒకటిన్నర అంటారు, అంటే సి షార్ప్, A తీగ నాలుగో ఫ్రెట్టు. ఆడవాళ్ళు ఎక్కువగా అయిదు, అయిదున్నర. అయిదున్నర అంటే జి షార్ప్, లావు తీగ నాలుగో ఫ్రెట్టు. ఒకటిన్నరకి పంచమం కూడా అదే. కాబట్టి ఆ నాలుగో ఫ్రెట్టు దగ్గరే సగం కచేరీ అయిపోతుంది. అలాగని అన్నిట్లోనూ స, ప అంటూ వాయించకండి. హిందోళంలో, ఆభోగిలో, శ్రీరంజనిలో పంచమం లేదు. అక్కడ మీరు ప మోగిస్తే రాగం తెలిసినవాళ్ళు వెంటనే మీవైపు తిరుగుతారు. మధ్యమం వేయండి, ఒకటిన్నరకైతే లావు తీగ రెండో ఫ్రెట్టు.

ఆర్కెస్ట్రాలో చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కీబోర్డాయన ఎడమచేత్తో బేస్ లాగించేస్తాడు, కాంట్రాక్టరుకి ఒక మనిషి ఖర్చు మిగులుతుంది. ఆయన్ని అనేదేమీ లేదు గానీ, ఆ ఎడమచెయ్యి ప్రతి స్వరాన్నీ తర్వాతి స్వరం దాకా సాగదీస్తుంది. నిజమైన బేస్ వినాలంటే ఆదివారం ఏదైనా చర్చికి వెళ్ళండి. మన జిల్లాల్లో బేస్ పట్టుకునే కుర్రాళ్ళు ఎక్కువగా అక్కడే తయారవుతున్నారు.

మన ఉక్కకి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో కిందా మీదా తుడవండి, సంచీలో సిలికా జెల్ పొట్లాలు పడేయండి. మామూలుగా వాడే తీగల సెట్టు మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో, 45, 65, 85, 105. కొత్త తీగ కత్తిరించేటప్పుడు కీ (తీగ బిగించే మర) దాటి నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు నిట్టనిలువుగా వంచి, ఆ తర్వాతే కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే పైన చుట్టిన తీగ లోపలి తీగ మీద వదులై స్వరం మొద్దుబారుతుంది. వర్షాకాలంలో మెడ కదులుతుంది. మొదటి ఫ్రెట్టు, చివరి ఫ్రెట్టు నొక్కి పట్టి ఏడో ఫ్రెట్టు దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఇనుప కడ్డీని) గడియారం తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, కొన్ని గంటలు ఆగి మళ్ళీ చూడండి. మొదటి అయిదు ఫ్రెట్లలోనే జివ్వుమంటుంటే ఎదురు వైపు తిప్పాలి. బిగుసుకుపోతే బలం పెట్టకండి.

యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) కొంటే వాయించాక కేబుల్ పీకేయండి. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ కాలుతూనే ఉంటుంది.

స్టేజీ ఎక్కితే సౌండాయనతో తగువు తప్పదు. బేస్ వినపడ్డం లేదంటే ఆయన తక్కువ స్వరాల గుండీ పెంచుతాడు. రేకుల షెడ్డులోనో, నున్నటి గోడల కళ్యాణ మండపంలోనో అప్పుడు కుర్చీలు అదురుతాయి గానీ స్వరం తెలియదు. 40 హెర్ట్జ్ కింద కోసేయమనండి, 150 దగ్గర కాస్త తగ్గించమనండి, 800 దగ్గర కొంచెం పెంచమనండి. హమ్మింగు వస్తే తీగలు ముట్టుకుని చూడండి. ముట్టుకుంటే తగ్గితే మీ గిటార్‌లో ఎర్త్ వైరు బాగానే ఉన్నట్టు. ముట్టుకున్నా మార్పు లేకపోతే బ్రిడ్జి కింద వైరు ఊడి ఉండొచ్చు, చూపించి టంకం వేయించాలి. డీఐ బాక్సుకి (బేస్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టెకి) గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే అది నొక్కి చూడండి. హమ్మింగు పోగొట్టడానికి యాంప్ ప్లగ్గు మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళున్నారు, వాళ్ళని దగ్గరికి రానివ్వకండి. జాతర్లలో జనరేటరు మీద నడిచే స్టేజీలకి సరైన ఎర్త్ ఉందో లేదో ఎవరూ చూడరు. మైకుకి పెదవులు తగిలి చురుక్కుమంటే తీగలు వదిలేయండి. వాయించే ముందే మైకు జాలీకి టెస్టర్ ఆన్చి చూడండి. వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ సరిచేసేదాకా, ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా సరే, కేబుల్ పెట్టకండి.