ఉరిసే మిద్దె ముందు, వంటగది తర్వాత

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మామగారు 2004లో కట్టించిన ఇల్లు. మావారికి రేణిగుంటలో కంపెనీ ఉద్యోగం, జీతం 42,000. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 16,000 వస్తుంది. ఇంటి ఖర్చు 38,000, చీటీకి 10,000. లెక్క ప్రకారం నెలకు 10,000 మిగలాలి. కానీ 25వ తేదీకే చేయి ఖాళీ అవుతోంది. మొన్న నవంబరు వానలకు మిద్దె ఉరిసింది. హాల్లో పెచ్చులు ఊడి కమ్మీలు కనిపిస్తున్నాయి. మొత్తం బాగుచేయిద్దామంటే మేస్త్రీ 6.5 లక్షలు చెప్పాడు: మిద్దెకు 1.4 లక్షలు, బాత్రూం పైపులకు 60 వేలు, మాడ్యులర్ కిచెన్‌కు 2.6 లక్షలు, ఫాల్స్ సీలింగ్, టైల్స్, పెయింటింగ్‌కు 1.9 లక్షలు. 14 శాతానికి ఐదేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామని, ట్యాక్స్ కూడా కలిసొస్తుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, నగలు కదపలేదు. 3 లక్షల చీటీలో 14 నెలలు కట్టాం, ఇంకా 16 ఉన్నాయి. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. వంటగదిలో ఇన్నేళ్లుగా ఆ పొగలోనే వండుతున్నాను. లోన్ తీసుకుందామా, చీటీ పాడేద్దామా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. ముందు లోన్ సంగతి చూద్దాం. 6.5 లక్షలకు నెలకు 15,124 ఈఎంఐ పడుతుంది. ఐదేళ్లలో వడ్డీయే 2.57 లక్షలు. అంటే ఇంకో మాడ్యులర్ కిచెన్ ఖరీదు. కాగితం మీదే 10,000 మిగిలే ఇంట్లో ఆ ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాక్స్ మాట కూడా పట్టించుకోకండి. ఇంటి మరమ్మతు అప్పు మీద వడ్డీకి ఏడాదికి 30,000 వరకు మినహాయింపు ఉన్నది పాత పన్ను విధానంలో మాత్రమే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. మీవారి జీతం ఏడాదికి 5 లక్షల చిల్లర. పన్నే కట్టనివారికి కలిసొచ్చేది ఏమీ ఉండదు.

మేస్త్రీ చెప్పిన నాలుగు పనుల్లో ఆగలేనిది మిద్దె ఒక్కటే. చెమ్మ తగిలిన కమ్మీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఆ పగుళ్లలోంచి ఇంకా నీరు దిగుతుంది. ఈ ఏడాది వదిలేస్తే వచ్చే ఏడాది 1.4 లక్షలతో తేలదు. పైగా కింద మనుషులు పడుకుంటున్నారు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీరు చూసే ఉంటారు. కాబట్టి ఈ వేసవిలోనే మిద్దె పని అయిపోవాలి. పైపులు లీకవుతుంటే వాటినీ దాంతోపాటే చేయించండి. రెండూ కలిపి 2 లక్షలు.

ఆ 2 లక్షలకు ఎఫ్‌డీ తీసేయకండి. దాన్ని తాకట్టు పెట్టి అదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (కావలసినప్పుడు కావలసినంత తీసుకునే అప్పు) అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువకు, డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తారు. మీకు 2.25 లక్షల వరకు రావచ్చు. మేస్త్రీకి విడతలుగా ఇస్తారు కదా, వాడుకున్నంతకే వడ్డీ పడుతుంది. మిగిలే 25 వేలు అనుకోని ఖర్చుకు ఉంచండి. పాత మిద్దె చెక్కి చూస్తే ఏదో ఒకటి బయటపడుతుంది. ఎఫ్‌డీ తాకట్టులో ఉంటుంది కదా, అత్యవసరం వస్తే ఎలా అంటారేమో. మీ నగలు కదపలేదు కాబట్టి, ఆపద వస్తే బ్యాంకులో బంగారం మీద ఒక్కరోజులో డబ్బు తెచ్చుకోవచ్చు.

చీటీ మాత్రం పాడొద్దు. ఈ నెల 60,000 తగ్గించి పాడారనుకోండి. చేతికి వచ్చేది 2.4 లక్షలు, కట్టాల్సినవి మాత్రం ఇంకా 16 వాయిదాలు. పాప ఇంజనీరింగ్‌లో చేరేది 2027లో. చీటీ ముగిసేదీ సరిగ్గా అప్పుడే. ఆ డబ్బు పాపది, ఇంటికి కాదు. చీటీ రిజిస్టర్ అయిందో లేదో మాత్రం ఈ వారమే కనుక్కోండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదు. ఒప్పందం కాపీ, పాస్‌బుక్ మీ దగ్గర ఉండాలి. తెలిసినవాళ్లు నోటి మాట మీద నడిపే చీటీ అయితే మళ్లీ రాయండి, దానికి వేరే సలహా ఇవ్వాలి.

ఇక 25వ తేదీ సంగతి. మీరు రాయలేదు కానీ, తిరుపతిలో చాలా ఇళ్ల లెక్క తప్పేది ఒకచోటే: దర్శనానికి వచ్చే చుట్టాలు. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి. స్టేషన్ నుంచి ఆటో, రెండు పూటలా భోజనం, అలిపిరి దాకా దించడం, వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో పెట్టే డబ్బు. ఇది తగ్గించమని నేను చెప్పను. కొండ కింద కాపురం ఉండి వచ్చినవాళ్లకు అన్నం పెట్టకుండా ఎవరుంటారు? కానీ అది ఇంటి ఖర్చు లెక్కలో లేకపోవడమే అసలు ఇబ్బంది. జీతం పడిన రోజే నెలకు 3,000 వేరే ఖాతాలో వేసి, ఆ ఖర్చంతా అందులోంచే పెట్టండి. మిగిలిన 7,000 అదే రోజు ఓవర్‌డ్రాఫ్ట్‌లో కట్టేయండి. వడ్డీ 8.5 శాతం అనుకుంటే 16 నెలలకు బాకీ 1.06 లక్షలకు దిగుతుంది. అప్పటికి చీటీ ముగిసి, దానికి కట్టే 10,000 కూడా నెలనెలా మిగులుతుంది. నెలకు 17,000 కడితే మరో ఏడు నెలల్లో తీరిపోతుంది. మొత్తం వడ్డీ సుమారు 20 వేలు.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు తొందరపడకండి. ముందు ఒక సివిల్ ఇంజనీరుకు కమ్మీలు చూపించండి. ఎస్టిమేట్‌లో సిమెంటు ధర ఎంత వేశాడో అడగండి, 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నీరు దిగకుండా ఏ మందు ఎన్ని పూతలు వేస్తాడో, తూము వైపు వాటం సరిచేస్తాడో లేదో కాగితం మీద రాయించండి. పని అయ్యాక తూములు మూసి రెండు అంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి చూడండి. ఆఖరి పదిశాతం డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.

వంటగది గురించి మీరు రాసిన ఒక మాట నా మనసులో ఉండిపోయింది: ఇన్నేళ్లుగా ఆ పొగలోనే వండుతున్నానన్నారు. ఆ కోరిక చిన్నదని నేను అనను. కానీ చెమ్మ దిగే గోడకు ప్లైవుడ్ అరలు బిగిస్తే ఉబ్బిపోతాయి, 2.6 లక్షలు నీళ్లపాలు. గోడ ఒక్క వానాకాలం పొడిగా ఉండనివ్వండి. తర్వాత కడప బండ అరలకు తలుపులు పెట్టించుకున్నా ఖర్చు చాలా తగ్గుతుంది. ఇప్పుడు పైపుల కోసం ఎలాగూ గోడ పగలగొడతారు కాబట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు కంత, చిమ్నీకి కరెంటు పాయింటు, సింకు పైపు ఆ మేస్త్రీ చేతే పెట్టించేయండి. ఫ్యాన్ మాత్రం ఈ నెలలోనే బిగించుకోండి.