పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లాగిన్ కావట్లేదా? హాష్‌ని తిట్టకండి

హాష్ అంటే పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని గజిబిజి అక్షరాలుగా మార్చి డేటాబేసులో దాచే రూపం. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషతో కుస్తీ పడుతున్న ఒకరు ‘రిజిస్టర్ చేసినప్పటి హాష్‌కీ, లాగిన్‌లో వచ్చే హాష్‌కీ పొంతన లేదు, పీహెచ్‌పీలో బగ్గా?’ అని అడిగారు. బగ్ కాదు. హాష్ చేసే పాస్‌వర్డ్_హాష్ ఫంక్షన్ ప్రతిసారీ కొత్త సాల్ట్ (యాదృచ్ఛిక అక్షరాల చేర్పు) వేస్తుంది, అందుకే ఒకే మాటకు రెండుసార్లు ఒకే హాష్ రాదు. లాగిన్‌లో మళ్లీ హాష్ చేసి, డేటాబేసు క్వెరీలోని వేర్ క్లాజులో (షరతులో) వెతకడం మానండి. యూజర్‌నేమ్‌తో రో తెచ్చుకుని, కొట్టిన పాస్‌వర్డ్‌నీ దాచిన హాష్‌నీ, రెండూ సరిపోతాయో చూసే పాస్‌వర్డ్_వెరిఫైకి ఇవ్వండి. సాల్ట్‌కి వేరే కాలమ్ అక్కర్లేదు. బీక్రిప్ట్ అనే పద్ధతిలో వచ్చే హాష్‌లోని 60 అక్షరాల్లో మొదటి 7 పద్ధతి పేరు, కాస్ట్ (లెక్క ఎంత నెమ్మదిగా సాగాలో చెప్పే అంకె). తర్వాతి 22 సాల్ట్. మిగిలిన 31 అసలు హాష్.

అయినా ఫాల్స్ (సరిపోలేదని) వస్తుంటే ముందు హాష్ దాచే కాలమ్ పొడవు చూడండి. వార్‌చార్ 50 (50 అక్షరాల హద్దు) పెట్టి, మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో తప్పుల్ని ఆపే స్ట్రిక్ట్ మోడ్ తీసేసి ఉంటే చివరి పది అక్షరాలు చప్పుడు లేకుండా తెగిపోతాయి. 255కి పెంచినా తెగినవి తిరిగి రావు, వాళ్లందరికీ రీసెట్ లింకు పంపాల్సిందే. కాలమ్ బాగానే ఉంటే, రిజిస్ట్రేషన్‌లో మాత్రమే ట్రిమ్ (చివరి ఖాళీలు కోసేది), హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (పేజీలో చూపడానికి ప్రత్యేక గుర్తుల్ని మార్చేది, అదే ఎస్కేపింగ్) పెట్టారేమో చూడండి. పాస్‌వర్డ్‌ని పేజీలో చూపించం కదా, దానికి ఎస్కేపింగ్ ఎందుకో! ఇక పరీక్ష కోసం హాష్‌ని కోడ్‌లో అతికిస్తే సింగిల్ కోట్స్‌లోనే పెట్టండి. డబుల్ కోట్స్‌లో పెడితే, హాష్‌లోని డాలర్ గుర్తు పక్కన సాల్ట్ మొదటి అక్షరం ఇంగ్లిష్ అక్షరమైతే పీహెచ్‌పీ దాన్ని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది.

ఆర్గాన్2 అనే ఇంకో హాష్ పద్ధతి గొప్పదా, బీక్రిప్ట్ గొప్పదా అని జనం జుట్లు పట్టుకుంటారు గానీ, కొంప ముంచేది పక్కన రాసిన కోడే. 2015లో యాష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైటు డేటా బయటపడినప్పుడు అందులో పాస్‌వర్డ్‌లు బీక్రిప్ట్, కాస్ట్ 12. విరగ్గొట్టడానికి ఏళ్లూపూళ్లూ పడుతుందనుకున్నారు. కానీ అదే డేటాబేసులో లాగిన్‌కీ అని ఇంకో కాలమ్ ఉంది. చాలా ఖాతాలకు యూజర్‌నేమ్‌నీ పాస్‌వర్డ్‌నీ చిన్నబడి (లోయర్ కేస్) అక్షరాల్లోకి మార్చి, కలిపి, ఎండీ5 (చాలా వేగంగా నడిచే పాత హాష్ పద్ధతి) చేసి అందులో పెట్టారు. సైనోష్యూర్ ప్రైమ్ అనే బృందం బీక్రిప్ట్ జోలికి పోకుండా ఎండీ5 మీద పడింది. చిన్నబడి రూపం దొరికాక ఏ అక్షరం పెద్దబడో బీక్రిప్ట్‌తో సరిచూసుకోవడానికి కాసిని ప్రయత్నాలు చాలు. పది రోజుల్లో కోటీ పది లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు పోయాయి. ముందు తలుపుకి ఇనుప గడియ, పెరటి తలుపుకి పురికొస! మీ కోడ్‌లో ‘రిమెంబర్ మీ’ టోకెన్ (మళ్లీ లాగిన్ అడగకుండా గుర్తుపెట్టే కోడు) పాస్‌వర్డ్ నుంచి పుడుతుంటే ఇవాళే తీసేసి, రాండమ్_బైట్స్ ఫంక్షన్‌తో 32 యాదృచ్ఛిక బైట్లు తీసుకోండి.

చిక్కు ఇంకోటుంది. బీక్రిప్ట్ పాస్‌వర్డ్‌లోని మొదటి 72 బైట్ల దగ్గర ఆగిపోతుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘శ్రీ’ అంటే నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఆరు శ్రీలతో కోటా సరి. ఏడో శ్రీ నుంచి ఏం కొట్టినా లాగిన్ అయిపోతుంది. తెలుగు పాస్‌వర్డ్‌లు రానిచ్చేట్టయితే ఆర్గాన్2లోనే ఒక రకమైన ఆర్గాన్2ఐడీకి మారండి: కనీసం 19 ఎంబీ మెమరీ, 2 ఇటరేషన్లు, 1 థ్రెడ్. పాత యూజర్లకు లాగిన్ సఫలమైన క్షణంలోనే పాస్‌వర్డ్_నీడ్స్_రీహాష్‌ని (హాష్ పాత పద్ధతిదా అని చెప్పే ఫంక్షన్) అడిగి కొత్త హాష్ రాసేయండి, అసలు పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండేది అప్పుడే.