ఇంగ్లీషులో సరదాకి అన్నారో, నిజంగానే అన్నారో ఎలా తెలుస్తుంది?

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు మనల్ని ఆటపట్టిస్తున్నారని ఎలా పసిగట్టాలి, అందుకు ఏ పదాలు నేర్చుకోవాలి అని అడిగారు. పదాలు గూగుల్‌లో కుప్పలుగా దొరుకుతాయి, వాటి సంగతి తర్వాత. మాధాపూర్‌లో కూర్చుని మాంచెస్టర్ క్లయింట్ల కాల్స్ ఏళ్ళ తరబడి భరిస్తున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెప్తాను: మనవాళ్ళు తడబడేది పదాల దగ్గర కాదు, ఎవరు ఎవరితో పరాచికాలాడొచ్చు అనే లెక్క దగ్గర.

మన ఇళ్ళల్లో ఈ లెక్క ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. బావ మరదల్ని ఏడిపిస్తాడు, వదిన ఆడపడుచుని ఒక మాట అంటుంది, తాత మనవణ్ణి పట్టుకుని "నీకు పిల్లనెవడిస్తాడ్రా" అంటాడు. అందరూ నవ్వుతారు. అదే మాట మామగారు అల్లుడితో అంటే ఇంట్లో భోజనాలు ఆగిపోతాయి. ఆఫీసుకొచ్చినా అంతే, పైవాడు నోరు విప్పాడంటే అది తిట్టయినా అవ్వాలి, హెచ్చరికైనా అవ్వాలి. బ్రిటిష్ వాళ్ళతో ఈ వరసలు పనిచేయవు. బాస్ కిందివాణ్ణి ఒకటంటాడు, కిందివాడు తిరిగి రెండంటాడు, దానికి బ్యాంటర్ అని పేరు పెట్టుకుని హాయిగా పనిలో పడిపోతారు.

మా టీమ్‌లో జగిత్యాల కుర్రాడొకడు ఉండేవాడు. పనిలో రాక్షసుడు, ఇంగ్లీషు కూడా బాగానే వచ్చు. ఒక శుక్రవారం కాల్‌లో, పోయినవారం రిపోర్టులో వచ్చిన తేడా ఏమైందని క్లయింటు పెద్దాయన అడిగాడు. వీడు ఉన్నదున్నట్టు "అది దానంతటదే సర్దుకుంది సార్" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా "సో వాట్ ఆర్ వి పేయింగ్ యు ఫర్, దెన్?" అన్నాడు. అటువైపు ముగ్గురూ నవ్వారు. మావాడు మాత్రం "నోటెడ్ సార్" అని మ్యూట్ నొక్కుకుని తెల్లముఖం వేసుకుని కూర్చున్నాడు. మరి జీతం దాకా వెళ్ళింది కదా మాట!

శనివారం పొద్దున్నే నాకు మెసేజ్, "అక్కా, నన్ను ప్రాజెక్టు నుంచి తీసేస్తరా?" అని. ఆయన సరదాకి అన్నాడురా అని చెప్తే, "పైసల విషయంల ఎవలన్న మజాక్ చేస్తరా అక్కా" అన్నాడు. నా మాట పడేసి, ఆదివారమంతా కూర్చుని ఆ నెలలో ఏ రోజు ఏ గంటలో ఏం చేశాడో ఎక్సెల్‌లో రాసి, చేసిన పనులన్నిటికీ పచ్చరంగు పూసి, నన్నూ మా మేనేజర్నీ సీసీలో పెట్టి ఆ పెద్దాయనకి పంపాడు. సోమవారం జవాబొచ్చింది: "మేట్, ఐ వాజ్ ఓన్లీ పుల్లింగ్ యువర్ లెగ్."

అక్కడితో అయిపోవాలి కదా, కాలేదు. లంచ్ టైమ్‌లో డబ్బా కూడా తెరవకుండా ఫోన్ పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు. "చూసినవా అక్కా, నా కాళ్ళు గుంజుతున్ననని ఆయననే ఒప్పుకున్నడు!"

వాడి తప్పేం లేదు. మన ఆఫీసుల్లో లెగ్ పుల్లింగ్ అంటే పైకొచ్చేవాణ్ణి కిందికి లాగడమే, ప్రమోషన్ల సీజన్‌లో కారిడార్లలో అదే మాట వినబడుతుంది. అక్కడ మాత్రం లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి కాసేపు ఆడుకోవడం, అంతే. టీజింగ్ సంగతీ ఇంతే. ఒక ఇంగ్లీషావిడ నవ్వుతూ "మా ఆయన నన్ను టీజ్ చేస్తున్నాడు" అంటే మనకి ముందు ఈవ్ టీజింగ్, తర్వాత షీ టీమ్స్ గుర్తొస్తాయి. ర్యాగింగైతే మరీ ఘోరం, బ్రిటన్‌లో ఒకప్పుడు ఆ మాటకి సరదాగా ఏడిపించడమనే అర్థం, మన దగ్గర 1997లోనే దానిమీద చట్టం వచ్చింది.

ఇవన్నీ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చెప్తే ఎంత బాగుండును. అమీర్‌పేటలో నేను డబ్బు కట్టిన చోట "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" బట్టీ పట్టించారు. ఇన్నేళ్ళ కాల్స్‌లో ఒక్క తెల్లవాడి నోట ఆ కుక్కలూ పిల్లులూ వినలేదు, మాకు వానలు ముంచెత్తి సిటీ స్తంభించిపోయిన రోజున కూడా! ఆటపట్టించడం అనే అర్థంలో వినబడేవి వేరు. బ్రిటిష్ వాళ్ళయితే "హ్యావింగ్ యు ఆన్", "టేకింగ్ ది మిక్కీ". అమెరికా వాళ్ళయితే "కిడ్డింగ్", "జస్ట్ మెస్సింగ్ విత్ యు", "గివింగ్ యు ఎ హార్డ్ టైమ్". వీటిలో మిక్కీ కొంచెం ఘాటు, వాళ్ళు మనతో అంటే పర్వాలేదు కానీ మనం క్లయింటుతో వాడకపోవడం మంచిది.

పసిగట్టడానికి నేను చూసేది ఒక్కటే, మాటకీ సందర్భానికీ పొంతన ఉందా లేదా అని. సర్వర్ పడిపోయినప్పుడు "బ్రిలియంట్" అన్నాడంటే అది మెచ్చుకోలు కాదు. ఆలస్యంగా కాల్‌లోకి వెళ్తే "నైస్ ఆఫ్ యు టు జాయిన్ అజ్" అంటారు. అప్పుడు దుర్గం చెరువు బ్రిడ్జి మీద ట్రాఫిక్ గురించి సంజాయిషీ మొదలుపెట్టకండి, ఎవరూ వినరు. "సారీ, ఐ నో యు ఆల్ మిస్డ్ మీ" అనేసి పనిలోకి దిగండి. నా లెక్కలో ఆటపట్టించే క్లయింటు మనల్ని తనవాళ్ళలో కలుపుకున్నట్టే. భయపడాల్సింది వాడు ఉన్నట్టుండి మర్యాద పెంచినప్పుడు. "విత్ రెస్పెక్ట్" అని మొదలుపెట్టాడంటే, అప్పుడు తీయండి ఆ ఎక్సెల్ షీట్.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా, ఇది మీరు అడగలేదు. ఆ జగిత్యాల పిల్లాడి యాసని వెక్కిరించింది మాంచెస్టర్ వాడు కాదు, మా పక్క వరసలో కూర్చునే మన తెలుగువాళ్ళే. అందరి ముందూ వాడి ఇంగ్లీషుని అనుకరించి, వాడి ముఖం మాడిపోయాక "జస్ట్ కిడ్డింగ్ యార్, లైట్ తీస్కో" అనేవారు. వాడికి నవ్వు రానప్పుడు అది సరదా ఎట్లా అవుతుంది? అలాంటివాళ్ళకి "దట్స్ నాట్ ఫన్నీ" అని ముఖం మీదే చెప్పండి, తెలుగులో చెప్పినా నష్టం లేదు.